తప్పటడుగులు

(రేడియో ప్రసంగ పాఠము)
వాక్యభాగము: హోషేయ 11:1-4, 8

ఏలూరు పట్టణములోను, తాడేపల్లిగూడెములోను, కొల్లేటి లంక గ్రామాలలోను ఉన్న మీ అందరితో ఈ కొద్ది నిమిషాలు మాట్లాడుటకు ప్రభువు ఇచ్చిన కృపను బట్టి ఆయనకు స్తోత్రములు.

మన వాక్యభాగములో దేవుడు సింహాసనము మీది రాజుగా కాదు, బిడ్డకు నడక నేర్పే తండ్రిగా కనిపిస్తున్నాడు. ఎఫ్రాయిము ప్రజలకు అడుగులు నేర్పినది తానే అంటున్నాడు. వారిని చేతులతో ఎత్తుకున్నాడు, వంగి తినిపించాడు. ఆ సంగతి వారు మాత్రం మరచిపోయారు.

మీ ఇంట్లో ఏడాది నిండిన బిడ్డ ఉంటే ఈ మాటలు మీకు బాగా అర్థమవుతాయి. మొన్నటిదాకా పాకిన బిడ్డ మంచం కోడు పట్టుకొని నిలబడుతుంది. మూడు చక్రాల చెక్కబండిని తోస్తుంది. ఒక సాయంత్రం అన్నీ వదిలేసి, చేతులు పైకెత్తి, అమ్మ వైపు మూడు అడుగులు వేసి కూలబడుతుంది. వెంటనే ఏడవదు. ముందు అమ్మ ముఖం చూస్తుంది. అమ్మ నవ్వితే తానూ నవ్వి లేస్తుంది. అమ్మ కెవ్వుమంటే అప్పుడు ఏడుపు మొదలుపెడుతుంది.

అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు 12 నుండి 19 నెలల పిల్లలు ఆడుకుంటుండగా పరిశీలించి, 2012లో ఆ వివరాలు ప్రచురించారు. ఆ పిల్లలు గంటకు సగటున 2,368 అడుగులు వేశారట, 17 సార్లు పడ్డారట! ఏ తల్లి ఈ లెక్క పెడుతుంది? ఏ తండ్రి "నీకిక నడక రాదు" అని బిడ్డను మూల కూర్చోబెడతాడు? పైగా మన ఇళ్ళలో అడుగులకు అరిసెలు వండి వీధంతా పంచుతాము.

అమ్మలారా, మీ బిడ్డ ఇంకా నడవలేదని దిగులుపడుతున్నారా? ఆరోగ్యముగా ఉన్న పిల్లల్లో కొందరు 8 నెలలు దాటగానే, కొందరు 17 నెలలు దాటాక నడుస్తారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో తెలిపింది. పక్కింటి బిడ్డతో పోల్చి కోడలి మనసు నొప్పించకండి. 18 నెలలు దాటినా నడవకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి. ప్రార్థన చేయండి, చూపించడమూ మానకండి.

కొల్లేటి లంకల్లో ఉన్నవారికి ఇంకొక సంగతి తెలుసు. బిడ్డకు నడక వచ్చిన రోజే తల్లికి భయమూ వస్తుంది. గడప దాటితే కాలువ, గట్టు దాటితే చేపల చెరువు. అయినా ఏ తల్లీ నడక నేర్పడం మానదు. కళ్ళు మాత్రం బిడ్డ మీదనుండి తీయదు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో పగలంతా బస్తాలు మోసిన తండ్రి, సాయంత్రం అదే నడుము వంచి బిడ్డకు వేలు అందిస్తాడు. మన దేవుడు అలా వంగిన దేవుడు.

ప్రియులారా, మన తెలుగులో ఒక మాటను గమనించండి. పసిబిడ్డ వేసేవీ తప్పటడుగులే; ఎదిగినవాడు దారి తప్పినా తప్పటడుగు వేశాడనే అంటాము. మాట ఒక్కటే, కాని మన ముఖాలు రెండు. అడుగులకు అరిసెలు తిన్న వీధివారే, ఇరవై ఏళ్ళ తరువాత ఆ బిడ్డ తాగుడులోనో అప్పుల్లోనో పడితే తలుపులు వేసుకుంటారు. ఒక ఆదివారం అతడు ధైర్యము చేసి మందిరములోకి వచ్చి చివరి వరుసలో కూర్చుంటాడు. వాక్యము వినకముందే మన ముఖాలు చూస్తాడు. అక్కడ అతనికి ఏమి కనిపిస్తుంది?

పాపము చిన్న విషయమని నేను చెప్పడం లేదు. పడినచోటే ఉండిపొమ్మని ఏ తల్లీ చెప్పదు. లేచి రమ్మనే పిలుస్తుంది. ఎఫ్రాయిము విగ్రహముల వెంట వెళ్ళినప్పుడు దేవుడు ఆ పాపమును గద్దించాడు. అయినను 8వ వచనములో, నిన్నెలా విడిచిపెట్టగలనని ఆయన హృదయము కరిగిపోయింది. లూకా 15వ అధ్యాయములోని తండ్రి, కుమారుడు ఇంకా దూరముగా ఉండగానే చూచి పరుగెత్తాడు.

పడిపోయి ఈ మాటలు వింటున్న సహోదరుడా, సహోదరీ, మనుష్యుల ముఖములు చూడవద్దు. నీకు నడక నేర్పిన తండ్రి ముఖము చూడు. ఆయన ఇంకా చేయి చాపియే ఉన్నాడు. నిలబడి ఉన్న సంఘమా, ఈ ఆదివారం చివరి వరుస దాకా నడచి వెళ్ళి, అక్కడున్నవారి చేయి పట్టుకో.

ప్రార్థించుకుందాం. పరలోకపు తండ్రీ, మా చిన్నబిడ్డల అడుగులను కాపాడుము. పడినవారిని లేవనెత్తుము. వారు మా వైపు చూచినప్పుడు నీ ప్రేమ మా ముఖములలో కనబడునట్లు చేయుము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.