రెండు ఖండాల కప్పు
(రేడియో ప్రసంగ పాఠం)



ఈవేళ మీతో ఒక కప్పు గురించి ముచ్చటించాలని వచ్చాను. కాఫీ కప్పు కాదు లెండి. ఫుట్‌బాల్ ఆటలో ఐరోపా ఖండపు ఛాంపియన్ క్లబ్బూ, దక్షిణ అమెరికా ఖండపు ఛాంపియన్ క్లబ్బూ తలపడి, గెలిచినవాళ్ళు పట్టుకుపోయిన కప్పు. ఇంటర్ కాంటినెంటల్ కప్పు అని దాని పేరు. 1960లో మొదలై, మధ్య మధ్య ఆగుతూ, 2004 దాకా నడిచింది.

ప్రపంచ కప్పు సంగతి మన పిల్లలందరికీ తెలుసు. అది దేశానికీ దేశానికీ మధ్య పోటీ. ఇది క్లబ్బుకీ క్లబ్బుకీ మధ్య. తేడా చిన్నదే అనిపిస్తుంది గాని, నన్నడిగితే కథంతా అందులోనే వుంది. క్లబ్బుకి ఆడే కుర్రవాడు ఎక్కడ పుట్టాడన్నది ఎవరూ అడగరు. ఎవరు జీతమిచ్చి పిలిస్తే వాళ్ళింటికి వెళతాడు. మన ఆడవాళ్ళ భాషలో చెప్పాలంటే దేశం పుట్టిల్లు, క్లబ్బు మెట్టినిల్లు. మెట్టినింటి తరఫున పుట్టింటి మీదికి వెళ్ళవలసి వస్తే ఎలా వుంటుందో మనకి ఒకరు చెప్పాలా?

ఈ పోటీ ఊహ ఐరోపా ఫుట్‌బాల్ సంఘానికి మొదటి కార్యదర్శిగా వున్న ఆంరీ దెలోనే అనే ఫ్రెంచి పెద్దమనిషిది అంటారు. పాపం, ఆయన 1955లోనే పోయారు. దక్షిణ అమెరికా వాళ్ళకి తమ ఖండపు క్లబ్బు పోటీ ఏర్పడింది 1960లో. ఆ ఏడే ఇదీ మొదలయింది. అక్కడొక ఆట, ఇక్కడొక ఆట. మొదటిది జూలైలో ఉరుగ్వే రాజధాని మొంతెవీదియోలో. ఆ ఊరి పెన్యరోల్ క్లబ్బుకీ, స్పెయిన్ దేశపు రియల్ మాడ్రిడ్‌కీ. ఎవరికీ ఒక్క గోలూ రాలేదు. సెప్టెంబరులో మాడ్రిడ్ వాళ్ళు తమ ఇంట్లో 5-1తో గెలిచేశారు. ఆ జట్టులో పుష్కాష్ హంగరీ మనిషి. దిస్తెఫానో పుట్టింది అర్జెంటీనాలో, బ్వేనస్ ఐరిస్‌లో. ఇద్దరూ గోల్స్ కొట్టారు. ఐరోపాకి దక్కిన ఆ మొదటి కప్పులో దక్షిణ అమెరికా బిడ్డ చెయ్యి కూడా వుందన్నమాట!

మొదట్లో ఒక చిత్రమైన లెక్క వుండేది. గోల్స్ కూడేవారు కాదు, గెలుపులు మాత్రమే లెక్కపెట్టేవారు. 1961లో పోర్చుగల్ దేశపు బెన్ఫికా లిస్బన్‌లో 1-0తో గెలిచింది. పెన్యరోల్ తమ ఊళ్ళో 5-0తో గెలిచింది. ఎవరు గెలిచినట్టు? మనమైతే కందిపప్పు తూకం చూసినట్టు ఇట్టే చెప్పేస్తాం. వాళ్ళు మాత్రం ఇద్దరిదీ చెరొక గెలుపే కదా అని మూడో ఆట ఆడించారు. అందులోనూ పెన్యరోలే గెలిచింది, 2-1తో. ఆ మరుసటి ఏడు బ్రెజిల్ క్లబ్బు సాంతోస్ లిస్బన్ వెళ్ళి 5-2తో గెలిచి వచ్చింది. ఆ అయిదింటిలో మూడు గోల్స్ పెలేవి. ఆయన గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడి దాకా బాగానే వుంది. ఆ తరవాతే సంగతి చెడింది.

1966 ప్రపంచ కప్పులో లండన్‌లో ఇంగ్లండుకీ అర్జెంటీనాకీ జరిగిన ఆటలో అర్జెంటీనా కెప్టెన్‌ని రెఫరీ బయటికి పంపించాడు. ఆట అయ్యాక ఇంగ్లండు జట్టు మేనేజరు ఆల్ఫ్ రామ్సే వాళ్ళ తీరును జంతువులతో పోల్చారు. ఆ మాట అర్జెంటీనా వాళ్ళు మరిచిపోలేదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని ఒక్క మాట అంటే మూడు తరాలు చెప్పుకుంటారని మనకి తెలీదూ! మరుసటి ఏడే స్కాట్లండు క్లబ్బు సెల్టిక్ బ్వేనస్ ఐరిస్ పక్కనున్న అవెల్లనేదాకి వెళ్ళింది, రేసింగ్ క్లబ్బుతో ఆడటానికి. ఆ సెల్టిక్ కుర్రాళ్ళంతా గ్లాస్గో చుట్టూ ముప్ఫయి మైళ్ళ లోపల పుట్టినవాళ్ళే. అలాంటి జట్టు మళ్ళీ ఐరోపా కప్పు గెలుస్తుందని నేననుకోను. ఆట మొదలు కాకముందే జనంలోంచి ఏదో విసిరితే సెల్టిక్ గోల్ కీపర్ రోనీ సింప్సన్ తలకి తగిలింది. వేరే అతన్ని దింపవలసి వచ్చింది. ఆ రోజు రేసింగ్ గెలిచింది. గ్లాస్గోలో అంతకుముందే సెల్టిక్ గెలిచి వుంది గనుక మూడో ఆట మొంతెవీదియోలో. దాన్ని ఆట అనడానికి నోరు రాదు. సెల్టిక్ వాళ్ళు నలుగురినీ, రేసింగ్ వాళ్ళు ఇద్దరినీ రెఫరీ బయటికి పొమ్మన్నాడు. రేసింగ్ 1-0తో గెలిచింది. సెల్టిక్ యాజమాన్యం ఇంటికి వెళ్ళాక ఏం చేసిందో తెలుసా? తమ ఆటగాళ్ళకే తలా 250 పౌన్లు జరిమానా వేసింది. నాకు ఆ పని నచ్చింది. అవతలివాడు ముందు కొట్టాడు అని పిల్లలు చెప్పే సాకు మనం ఎన్నిసార్లు వినలేదు!

అయితే నేను ఈవేళ ముఖ్యంగా చెప్పదలుచుకున్నది 1969 సంగతి. నెస్తర్ కొంబిన్ అనే అతని సంగతి.

ఇతను పుట్టింది అర్జెంటీనాలో, 1940లో. పద్ధెనిమిదేళ్ళు దాటీదాటకముందే ఫ్రాన్సు వెళ్ళి లియోన్ నగరపు క్లబ్బులో చేరాడు. అక్కడే స్థిరపడ్డాడు, ఫ్రాన్సు దేశం తరఫునే ఆడాడు, సైనిక సేవ కూడా అక్కడే చేశాడు. తరవాత ఇటలీ వెళ్ళాడు. 1969 నాటికి మిలాన్ క్లబ్బులో వున్నాడు. ఆ ఏడు దక్షిణ అమెరికా ఛాంపియన్ అర్జెంటీనాకి చెందిన ఎస్తుదియాంతెస్ క్లబ్బు. మిలాన్‌లో జరిగిన మొదటి ఆటలో 3-0తో మిలాన్ గెలిచింది. అందులో ఒక గోలు కొంబిన్‌ది. పుట్టిన దేశపు జట్టు మీద గోలు! రెండో ఆట అక్టోబరు 22న బ్వేనస్ ఐరిస్‌లో, బాంబొనేరా అనే మైదానంలో. మిలాన్ వాళ్ళు ఆటకి ముందు ఒళ్ళు సరిచేసుకుంటూ వుంటే అవతలివాళ్ళు బంతులు వాళ్ళ మీదికే తన్నారట. వేడి వేడి కాఫీ కూడా మీద పోశారని చెబుతారు. ఆటలో అగిర్రె స్వారెస్ అనేవాడు మోచేత్తో కొంబిన్ ముఖం మీద కొట్టాడు. ముక్కు పగిలి చొక్కా నిండా రక్తం. ఆ ఫోటోలు అప్పట్లో పత్రికలన్నింటిలోనూ వచ్చాయి.

ఎస్తుదియాంతెస్ ఆ రోజు 2-1తో గెలిచినా, అప్పటికి గోల్స్ కూడే పద్ధతి వచ్చింది గనుక కప్పు మిలాన్‌దే అయింది. మరి కొంబిన్? రక్తం కారుతున్న ఆ మనిషిని పోలీసులు పట్టుకుపోయారు. ఎందుకూ అంటే, అర్జెంటీనాలో పుట్టి అక్కడ సైనిక సేవ చెయ్యకుండా పారిపోయాడని! ఫ్రాన్సులో చేశాను మహాప్రభో అని రుజువు చూపించి, కొన్ని గంటల తరవాత బయటపడ్డాడు.

నేనీ కథ చదివినప్పుడు ఆటను గురించి ఆలోచించలేదండీ. ఆ తల్లిని గురించి ఆలోచించాను. పరాయి దేశంలో పేరు తెచ్చుకున్న కొడుకు ఇన్నాళ్ళకి మన దేశం వచ్చి ఆడుతున్నాడంటే ఏ తల్లికైనా ఎంత ఆశ! ముఖాన రక్తంతో పోలీసుల చేతిలో చూడవలసి వస్తే? అతనేం తప్పు చేశాడు? పొట్ట చేతపట్టుకుని వెళ్ళాడు, వెళ్ళినచోట నమ్మకంగా పనిచేశాడు. మన ఊళ్ళనుంచి గల్ఫ్ దేశాలకీ అమెరికాకీ వెళ్ళిన పిల్లలు చేస్తున్నదీ అదే కదా.

అర్జెంటీనా ప్రజలు ఇది మెచ్చుకున్నారని మాత్రం అనుకోకండి. అక్కడి పత్రికలే దుమ్మెత్తిపోశాయి. అప్పట్లో దేశాన్నేలుతున్న సైనికాధికారి ఒంగనియా స్వయంగా కలగజేసుకున్నాడు. ముగ్గురు ఆటగాళ్ళని జైల్లో పెట్టారు. ఆ ముగ్గురిలో గోల్ కీపర్ పొలెత్తిని జీవితాంతం ఆడకూడదని నిషేధించారు కూడాను.

మరుసటి ఏడు అదే ఎస్తుదియాంతెస్, హాలండు దేశపు ఫేనోర్డ్‌తో ఆడింది. రాటర్‌డామ్‌లో రెండో ఆట. యోప్ వాన్ దాలె అనే అతను కళ్ళజోడు పెట్టుకుని ఆడేవాడు. మధ్యలో మైదానంలోకి దిగి, దూరం నుంచి తన్ని గోలు కొట్టాడు. ఆ ఒక్క గోలుతోనే కప్పు వాళ్ళదయింది. అవతలి జట్టువాడు వచ్చి అతని కళ్ళజోడు లాగి, కిందపడేసి తొక్కేశాడు! కళ్ళజోడుతో ఆడకూడదని వాదించాడట పైగా. ఆ కళ్ళజోడు మీద హాలండులో ఒక పాట కూడా వచ్చింది.

ఇవన్నీ చూశాక ఐరోపా క్లబ్బులకి వెళ్ళబుద్ధి కాలేదు. ఏజాక్స్ రెండుసార్లు రామంది, తరవాత బయర్న్, లివర్‌పూల్, నాటింగమ్ ఫారెస్ట్. దూరాభారం, డబ్బు, తీరిక లేకపోవడం, ఇవీ కారణాలే అనుకోండి. పెద్దవాడు రానంటే రెండోవాడిని పంపినట్టు, ఫైనల్లో ఓడినవాళ్ళని పంపేవారు. 1974లో బయర్న్ చేతిలో ఓడిన అత్లెతికో మాడ్రిడ్ అలాగే వెళ్ళి కప్పు గెలుచుకుంది. ఐరోపాలో ఓడి లోకాన్ని గెలిచినవాళ్ళు వాళ్ళొక్కరే! 1975లోనూ 1978లోనూ అసలు పోటీయే లేదు.

చివరకి తగవు తీర్చింది జపాను. మీ ఇల్లూ వద్దు మా ఇల్లూ వద్దు, మూడో ఇంట్లో ఒకే ఒక్క ఆట అన్నారు. 1981 ఫిబ్రవరిలో టోక్యోలో మొదలయింది. టొయోటా కంపెనీ వారు డబ్బు పెట్టారు, బాగా ఆడినవాడికి ఒక కారు కూడా. అదే ఏడు డిసెంబరులో బ్రెజిల్ క్లబ్బు ఫ్లమెంగో 3-0తో లివర్‌పూల్‌ని ఓడించింది. టోక్యోలో మిట్టమధ్యాహ్నం ఆట, రియోలో అర్ధరాత్రి. ఊరంతా మేలుకుని వుంది. 1987లో మంచు కురుస్తుంటే, మైదానం తెల్లగా అయిపోతే, అందులోనే పోర్తో, పెన్యరోల్ ఆడాయి. ఆ ఏడు పోర్తో గెలిచింది.

మీకీపాటికి ఒక సందేహం వచ్చే వుంటుంది. రెండు ఖండాలు ఆడితే ప్రపంచ విజేత ఎలా అవుతారు? మా వీధిలో రెండిళ్ళవాళ్ళు ముగ్గులు పోటీ పెట్టుకుని ఊరంతటికీ ఫస్టు ప్రైజు తీసుకున్నట్టు లేదూ? ఆఫ్రికా వాళ్ళకి 1965 నాటికే, ఆసియా వాళ్ళకి 1967 నాటికే క్లబ్బు ఛాంపియన్లు వున్నారు. వాళ్ళని పిలిచిన పాపాన పోలేదు. ఇంకా చిత్రమేమిటంటే 1962లో పెలేకి ఎదురు ఆడిన బెన్ఫికా వీరుడు యూసేబియో పుట్టింది ఆఫ్రికాలో, మొజాంబిక్‌లో. బిడ్డ పనికొచ్చాడు, పుట్టిల్లు పనికి రాలేదు. మన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన రహీం సాహెబు చేతికింద భారత జట్టు 1956 ఒలింపిక్సులో నాలుగో స్థానానికి వచ్చింది. అలాంటి క్లబ్బులకి ఈ కప్పు తలుపు దగ్గర నిలబడే వీలు కూడా లేకపోయింది.

2000లో ఫిఫా వారు అన్ని ఖండాలనూ పిలిచి బ్రెజిల్‌లో ఒక పోటీ పెట్టారు. 2005 నుంచి అది దాదాపు ప్రతి ఏడూ జరుగుతూ వచ్చింది. 2010లో కాంగో దేశపు మజెంబె క్లబ్బు బ్రెజిల్ వాళ్ళని ఓడించి ఫైనలుకి చేరింది. ఆఫ్రికా నుంచి వాళ్ళే మొదటివాళ్ళు. వాళ్ళ గోల్ కీపర్ కిదియాబా సంతోషం పట్టలేక నేలమీద కూర్చుని ఎగురుకుంటూ పోయాడు. ఫైనల్లో ఇటలీ క్లబ్బు ఇంటర్ చేతిలో ఓడినా, ఆ ఎగురుడు మాత్రం అందరికీ గుర్తుండిపోయింది. ఆడవాళ్ళ క్లబ్బులకి ఇలాంటి పోటీ పెట్టడానికి ఫిఫా వారికి 2026 దాకా పట్టింది. ఎందుకు ఆలస్యమయిందో మీరూ నేనూ అడగకూడదు మరి.

2025 జూన్, జూలైలలో అమెరికాలో ముప్ఫయి రెండు క్లబ్బులతో పెద్ద ఎత్తున జరిపారు. వంద కోట్ల డాలర్ల బహుమతి సొమ్ము. అంత డబ్బు మధ్యకి న్యూజిలాండ్ నుంచి ఆక్లండ్ సిటీ అనే క్లబ్బు వచ్చింది. అందరూ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళే, సెలవు పెట్టుకుని వచ్చారు. బయర్న్ చేతిలో 10-0తో ఓడారు. బెన్ఫికా చేతిలో 6-0. మూడో ఆట బోకా జూనియర్స్‌తో, అదే, కొంబిన్‌ని కొట్టిన ఆ బాంబొనేరా మైదానం వాళ్ళదే. టీచరు పని నేర్చుకుంటున్న క్రిస్టియన్ గ్రే తలతో ఒక గోలు కొట్టాడు. ఆట 1-1తో ముగిసింది. ఆ గోలు చూస్తే నాకు ఆ వంద కోట్లూ చిన్నవనిపించాయి.

ఆ పోటీలోనే సెమీఫైనలు, జూలై 8న, ఇంగ్లండు క్లబ్బు చెల్సీకీ బ్రెజిల్ క్లబ్బు ఫ్లుమినెన్సేకీ. చెల్సీలోకి కొద్ది రోజుల ముందే చేరిన ఝువావ్ పెద్రో బ్రెజిల్ కుర్రాడు. చిన్నప్పుడు ఆట నేర్చుకున్నది ఫ్లుమినెన్సేలోనే. పద్ధెనిమిదో ఏట ఇంగ్లండు వెళ్ళాడు. అవతలి కెప్టెన్ తియాగో సిల్వా నలభై ఏళ్ళ మనిషి, అంతకుముందు నాలుగేళ్ళు చెల్సీకి ఆడి ఇల్లు చేరినవాడు. చెల్సీ 2-0తో గెలిచింది. రెండు గోల్సూ పెద్రోవే. గోలు పడ్డాక అందరిలా గంతులు వెయ్యలేదు, సంబరం చేసుకోలేదు. తన పాత క్లబ్బు అభిమానులను క్షమించమన్నట్టు చేతులెత్తి వుండిపోయాడు. అయిదు రోజుల తరవాత ఫైనల్లో చెల్సీ 3-0తో పారిస్ క్లబ్బును ఓడించింది. ఆ మూడింటిలో ఒకటి అతనిదే.