కార్వాను నుండి సుల్తాను బజారు వఱకు

హైదరాబాదు చూచి వచ్చితిమని చెప్పు బంధువులను, ఏమేమి చూచితిరని అడిగినచో నాలుగు పేర్లు వరుసగా వినవచ్చును: చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగు మ్యూజియము, హుస్సేను సాగరము. చూడదగినవే, కాదనము. అయితే ఈ నగరమున నలువది యేండ్లుగా కాపురమున్నవారును ఆ నాలుగింటినే చెప్పుట మాకు వింతగా తోచుచుండును. బస్సులోనో, ఆటోలోనో, ఇప్పుడు మెట్రో రైలులోనో పోవువారు దిగవలసిన చోటును గూర్చియే ఆలోచింతురు. నడచువాడు ఎండకు నీడ వెదకుకొనును, దాహమునకు ఆగును, దారి తప్పి ఎవరినో అడుగును. అడిగినప్పుడెల్ల ఏదో యొకటి తెలియును.

మిత్రులము ముగ్గురము కొన్ని యేండ్లుగా ఆదివారపు ఉదయములందు ఇట్లు నడచుచున్నాము. ఆ దారులలో నొకదానిని నేడు శ్రోతలకు చెప్పదలచితిమి. కార్వానులో బయలుదేరి, పురానాపూలు మీదుగా మూసీ దాటి, పాతబస్తీలో కొంత తిరిగి, నయాపూలు మీదుగా మఱల నది దాటి, సుల్తాను బజారు చేరు దారి యిది. ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లకు మించదు. ఆరు గంటలకు మొదలుపెట్టినచో ఎండ ముదురకమునుపే చాలభాగము ముగియును. వెంట నీళ్ళసీసాయు, కాళ్ళకు పాత చెప్పులును చాలును. క్రొత్త చెప్పులతో ఈ పనికి దిగరాదు.

కార్వాను అను పేరులోనే దాని చరిత్ర యున్నది. గోలకొండ కోటనుండి మచిలీబందరునకు పోవు రాజమార్గమిది. కుతుబ్‌షాహీల కాలమున వర్తకుల బిడారులు ఇచ్చట దిగెడివి. కృష్ణాతీరపు గనులలో దొరకిన వజ్రములు ఈ దారినే బేరమునకు వచ్చెడివి. నేడు వజ్రములు లేవు. ఇరుకు వీధులు, చిల్లర దుకాణములు, ఉదయముననే తెఱచు చాయ్ హోటళ్ళు కలవు. ఈ వీధుల నడుమ తోలీ మసీదు కలదు. 1671లో, అబ్దుల్లా కుతుబ్‌షా ప్రభుత్వపు చివరి దినములలో, మూసాఖాను అను ఉద్యోగి దీనిని కట్టించెను. ప్రజలు దీనిని దమ్డీ మసీదు అనియు అందురు. మక్కా మసీదు నిర్మాణమునకు అతడు పర్యవేక్షకుడుగా నుండెననియు, ఖర్చైన ప్రతి రూపాయికి ఒక దమ్డీ చొప్పున అతనికి ముట్టెననియు, ఆ సొమ్ముతో దీనిని కట్టించెననియు కథ. కథ ఎట్లున్నను, ముందువైపు ఐదు కమానులపై చేసిన గచ్చుపనిని చూచిన వారికి ఆ దమ్డీలు వృథాకాలేదని తోచును. పెద్ద మసీదులో పరిమాణమును చూచి తల యెత్తుదుము. ఇచ్చట పనితనమును చూచుటకు దగ్గఱకు పోవలెను. ప్రార్థనవేళలు తప్పించి, అచ్చటివారిని అడిగి లోనికి పోవుట మర్యాద.

అచ్చటినుండి కొంతదూరము నడచినచో పురానాపూలు. ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో కట్టించిన వంతెన యిది. అనగా హైదరాబాదు నగరము పుట్టుటకు పదమూడేండ్లు ముందే వంతెన పుట్టినది. రాకుమారుడైన మహమ్మద్ కులీ, వరదలో గుఱ్ఱమును దూకించి భాగమతిని చూడబోయెననియు, తండ్రి భయపడి వంతెన కట్టించెననియు అందఱును చెప్పుకొందురు. వంతెన ముగియునాటికి ఆ రాకుమారునకు పదమూడేండ్లు! వజ్రముల బండ్లు వానకాలమున ఏటికి అడ్డముగా నిలచిపోరాదను ఆలోచనయే రాజునకు బలముగా నుండెనని మా ఊహ. 17వ శతాబ్దమున వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తవెర్నియే ఈ వంతెనను చూచి, తన పారిసు నగరపు వంతెనకు ఇంచుమించుగా సాటియని వ్రాసికొనెను.

ఇప్పుడు వాహనములకు ప్రక్కన వేఱు వంతెన యున్నది. పాతదానిపై కూరగాయల అంగడి. వంకాయల బుట్టలకును కొత్తిమీర కట్టలకును నడుమ దారి చేసికొని పోవలెను. అచ్చట టమాటాలు అమ్ముచున్న యొక వృద్ధురాలిని, "అమ్మా, ఈ వంతెన ఎప్పటిదో తెలుసునా?" అని అడిగితిమి. "మా అత్త గూడ ఈడనే కూసుండె సారూ. గంతకు ముందుది నాకేమెరుక?" అన్నది. తూకము మాత్రము సరిగా వేసినది. వంతెన దాటగానే నగరపు పాత ప్రాకారద్వారము కనబడును. ఒకప్పుడు పదమూడు ద్వారములుండెడివి. ఇప్పుడు మిగిలినవి ఇదియు, దబీరుపురా ద్వారమును మాత్రమే.

ఏటిగట్టున తూర్పుగా నడచినచో సిటీ కాలేజీ, హైకోర్టు వచ్చును. రెండింటికిని రూపకల్పన చేసినవాడు విన్సెంటు ఎష్ అను ఆంగ్లేయుడు. ఇవి అందఱును ఎఱిగినవే కనుక ఆగక, మదీనా కూడలి దాటి బాదుషాహీ ఆషూర్‌ఖానాకు పోదము. దుకాణముల వెనుక, ద్వారము లోపల ఉన్నందున దీని ప్రక్కగా వేయిమార్లు పోయినవారును దీనిని చూచియుండరు. చార్మినారు నిర్మించిన మహమ్మద్ కులీయే, మొహరము దినములలో పీర్లను నిలుపుటకు, 1590ల నాడు దీనిని కట్టించెను. లోపలి గోడలపై రంగురంగుల మెఱుగుపలకల పని. పసుపు, నీలము, ఆకుపచ్చ. నాలుగు వందల యేండ్లు గడచినను ఆ పసుపురంగు తడియారని దానివలె నున్నది. కొంచెము వంగి చూడవలసిన దొకటి కలదు. గోడల క్రిందిభాగమున పలకలు లేవు. పలకలవలె కనబడునట్లు రంగులతో దిద్దిన చిత్రములు కలవు. 1908 నాటి వరదనీరు లోనికి వచ్చి పలకలను పాడుచేసిన తరువాత చేసిన దిద్దుబాటు అది. ఆ వరద ఎంత యెత్తు వచ్చెనో తెలియుటకు పుస్తకముతో పనిలేదు.

చార్మినారు వైపు తిరిగినచో చార్‌కమాను. నాలుగు దిక్కుల నాలుగు కమానులు, నడుమ గుల్జారు హౌజు. సుమారు 60 అడుగుల యెత్తుగల ఈ కమానుల క్రిందుగా రోజును వేలమంది పోవుచునే యుందురు. ముందు ముత్యాల దుకాణము, వెనుక మోటారు కూత. తల యెత్తుటకు తీరిక యెవరికి? చార్మినారు కట్టిన మఱుసటి సంవత్సరమునకే, అనగా 1592 నాటికే, రాజభవనముల ముంగిలికి హద్దులుగా ఇవి వెలసినవి. భవనములు పోయినవి, వాకిళ్ళు మిగిలినవి. ఆదివారము ఉదయము దుకాణములు తెఱవకముందు హౌజుకడ నిలచి నలువైపులకు తిరిగి చూచినచో ఆనాటి చదరపు ముంగిలి మనస్సునకు అందును. పదిన్నర దాటినచో అందదు.

వెనుకకు మరలుచు ఛత్తాబజారు గుండా రండు. పెండ్లి శుభలేఖలు అచ్చువేయు ముద్రణాలయముల వీధి యిది. కలముతో ఉర్దూ అక్షరములు తీర్చు లేఖకులు ఒకప్పుడు ఇచ్చట పెక్కుమంది. కంప్యూటరు వచ్చిన తరువాత మిగిలినవారు కొద్దిమంది.

నయాపూలు దాటి అఫ్జల్‌గంజులో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణ చేరుదము. ఇచ్చట ఒక చింతచెట్టు కలదు. మా దారిలో మేము అన్నిటికంటె ఎక్కువసేపు ఆగు చోటు ఇదియే.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరములోనికి వచ్చినది. సుమారు 15,000 మంది మరణించిరని లెక్క. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగు వంతెన, చాదర్‌ఘాటు వంతెన దెబ్బతిని కొట్టుకొనిపోగా, మూడు శతాబ్దములు దాటిన పురానాపూలు ఒక్కటియే నిలచినది. అప్పుడు ఈ చోటు ఒక తోట. నీరు పెరుగుచుండగా చుట్టుపట్లవారు ఈ చింతచెట్టు ఎక్కి కొమ్మలను పట్టుకొనిరి. అట్లు దాదాపు 150 మంది బ్రదికిరి. చెట్టుకడ ఆ సంగతి తెలుపు ఫలకము కలదు. ఆ వరదలోనే అమ్జద్ హైదరాబాదీ అను ఉర్దూకవి తన తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొనెను. తాను బయటపడి, 1961 వఱకు జీవించి, రుబాయీలకు పేరెన్నిక గన్నాడు. మఱుసటి యేడు మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. వారి సూచనలనుండియే ఎగువన 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము ఏర్పడినవి. తరువాతి తరములవారు త్రాగిన నీరు ఆ చావుల వెనుక వచ్చినదే.

ఆసుపత్రికి వచ్చినవారి బంధువులు నేటికిని ఆ చెట్టు క్రింద కూర్చుందురు, టిఫిను డబ్బాలు విప్పుకొందురు. వారిలో ఒకరిద్దఱికి ఈ కథ చెప్పితిమి. ఒక యువకుడు విని, లేచి, చెట్టు మొదలును చేతితో తాకి వచ్చి కూర్చుండెను.

చెట్టు వెనుకనున్న గుమ్మటముల భవనము గతి యిప్పుడు తేలవలసియున్నది. దీనిని పడగొట్టవలెనను ప్రతిపాదన 2015లో రాగా పురజనులు చాలమంది అడ్డు చెప్పిరి. 2020 జూలైలో వాననీరు వార్డులలోనికి రాగా రోగులను తరలించి పాతభవనమును మూసివేసిరి. క్రొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో గోషామహలునందు శంకుస్థాపన జరిగినది. రోగికి పెచ్చులూడని కప్పు కావలెను. ఆ మాటకు ఎదురు చెప్పలేము. కాని రోగులు వేఱొక చోటికి పోయినప్పుడు, ఈ భవనమును కూల్చుటకు చెప్పదగిన కారణము ఇంకేమి మిగులును? మరమ్మతు చేసి మఱొక పనికి వాడుకొనవచ్చును. ఆలస్యమైనచో ఆ పని వానయే ముగించును. గౌలిగూడ బస్సు స్టాండుపై నిజాం కాలమునాటి పెద్ద ఇనుపరేకుల కప్పు ఉండెడిది. వేలమంది ప్రయాణికులకు తెలిసిన కప్పు. 2018 జూలైలో ఒకనాడు అది కుప్పగూలినది. ఇప్పుడు ఫొటోలలో చూడవలసినదే.

కోఠీలో మహిళా విశ్వవిద్యాలయపు ఆవరణలోనిది బ్రిటిషు రెసిడెన్సీ భవనము. ముందుగా అనుమతి పొంది చూడవలెను. 19వ శతాబ్దారంభమున రెసిడెంటుగా నున్న కిర్క్‌పాట్రిక్ దీనిని కట్టించెను. ఖైరున్నీసాతో అతని వివాహకథ చాలమందికి తెలిసినదే. ఘోషాలోనున్న ఆమె పెద్దభవనమును చూడజాలదు కనుక, దాని చిన్న నమూనాను తోటలో ఆమెకొఱకు కట్టించెనని చెప్పుదురు. ఇదే రెసిడెన్సీపై 1857 జూలై 17న తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అలాఉద్దీను తమవారితో దాడి చేసిరి. వారి స్మారకస్తంభము కోఠీ బస్సులు ఆగుచోటునకు దగ్గఱనే యున్నది. బస్సుకొఱకు వేచియుండువారు దానికి వీపు ఆనించి నిలబడుట మేము పలుమార్లు చూచితిమి.

ఇక సుల్తాను బజారు. చీరల దుకాణముల సందడిలోనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము కలదు. 1901 సెప్టెంబరు 1న, ఉర్దూ రాజభాషగా నున్న ఈ నగరమున, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలైనవారు తెలుగు పుస్తకములకు ఈ నిలయమును నెలకొల్పిరి. అది ఈ ప్రాంతమున పుట్టుట కాకతాళీయము కాదని మా అభిప్రాయము. ఈ బజారులు 1933 వఱకు రెసిడెన్సీ అధికారము క్రింద నుండెను. సభ పెట్టుకొనుటకు, పత్రిక తెప్పించుకొనుటకు నదికి ఆవలికంటె ఇచ్చట కొంత వెసులుబాటు ఉండెడిది. 1906లో విజ్ఞాన చంద్రికామండలి మొలకెత్తినదియు హైదరాబాదుననే.

2020 ఫిబ్రవరినుండి సుల్తాను బజారునకు మెట్రో స్టేషను వచ్చినది కనుక, తిరుగుప్రయాణమునకు కాళ్ళను శ్రమపెట్టనక్కఱలేదు. అయితే భాషానిలయము తెఱచియుండు వేళను ముందుగా తెలిసికొని, నడకను దానికి సరిపోవునట్లు మొదలుపెట్టుడు. మూసారాంబాగునకు ఆ పేరు తెచ్చిన ఫ్రెంచి సేనాని రేమండు సమాధియు, సంతోషనగరు కడ పైగా వంశీయుల సమాధుల గచ్చుజాలరులును ఈ దారిలోనివి కావు. వానికి మఱియొక ఆదివారము కావలెను.