ఫోన్ నంబరు లేని పిల్లవాడు

(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సెక్రటరీ అన్న ఫోన్ చేసి, "నెట్‌వర్క్ ఇంజనీరువి కదరా, టెక్నాలజీ మీద పావుగంట మాట్లాడు" అన్నాడు. టెక్నాలజీ అంటే సముద్రం. నేను అందులో ఒక చెంచాడు తీసుకుంటాను. పిల్లలు చేతిలో పట్టుకొని ఆడే ఆటల కోసం హోటళ్ళలో పెట్టిన ఉచిత వైఫై సంగతి చెబుతాను. నవ్వకండి, దీనికీ మన సంఘానికీ సంబంధం ఉంది. స్వర్ణోత్సవ నిధిలోంచి కొంత తీసి పాత లైబ్రరీ గదిలో వైఫై పెట్టాలా వద్దా అని కమిటీలో రెండు నెలలుగా వాదన నడుస్తోంది. "పెడితే పిల్లలు గేములాడతారు" అన్నది అభ్యంతరం. ఆ మాట అన్నవాళ్ళు పిల్లల మంచి కోరే అన్నారు. నా పక్షం ఏమిటో మీ అందరి ముందు చెప్పుకుందామని వచ్చాను.

2005 చివర్లో ఆఫీసు పని మీద కుటుంబంతో డాలస్‌లో ఉన్నాను. మా అబ్బాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. వాడి దగ్గర నింటెండో డీఎస్ అనే ఆటపెట్టె ఉండేది. పుస్తకంలా తెరుచుకుంటుంది, లోపల రెండు తెరలు. ప్రపంచమంతటా కలిపి అది 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. ఆ నవంబరులో నింటెండో వాళ్ళు ఇంటర్నెట్ మీద ఉచితంగా ఆడుకునే సర్వీసు మొదలుపెట్టారు. మారియో కార్ట్ అనే కార్ల పందెంలో ఎక్కడెక్కడి పిల్లలో నలుగురు కలిసి పోటీ పడొచ్చు.

చిక్కేమిటంటే, మా ఇంట్లో అది పనిచేయలేదు. వైఫైకి వేసే తాళాల్లో మొదటిది వెప్. దాన్ని సులువుగా తీసేయవచ్చని 2001లోనే పరిశోధకులు చూపించారు. 2003లో దాని బదులు డబ్ల్యూపీఏ అనే గట్టి తాళం వచ్చింది. డీఎస్‌కి పాత తాళం ఒక్కటే తెలుసు. నా రౌటర్‌కి వేసింది కొత్తది. "నువ్వు చేసేది వైఫై పనే కదా నాన్నా, మరి మనింట్లోనే రాదేం?" అని వాడు అడిగితే మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆట కోసం ఇంటి తాళం మార్చడం నాకు ఇష్టం లేదు. అందుకని బుధవారం సాయంత్రాలు, శనివారం పొద్దున మెక్‌డొనాల్డ్స్‌కి వెళ్ళేవాళ్ళం.

అక్కడి వైఫై నడిపింది టెక్సాస్‌లోనే, ఆస్టిన్ నగరంలోని వేపోర్ట్ అనే కంపెనీ. నింటెండో వాళ్ళతో ఒప్పందం చేసుకొని, అమెరికాలో ఆరు వేల దాకా మెక్‌డొనాల్డ్స్‌లలో డీఎస్ తెచ్చినవాళ్ళకి కనెక్షన్ ఉచితం చేశారు. లాప్‌టాప్ తెచ్చినవాళ్ళు మాత్రం డబ్బు కట్టాలి. మెక్‌డొనాల్డ్స్ వాళ్ళు అందరికీ ఉచితం చేసింది 2010 జనవరిలో. అంటే నాలుగేళ్ళ పాటు, టై కట్టుకున్న సేల్స్ మేనేజరు క్రెడిట్ కార్డు తీస్తుంటే, పక్క టేబుల్ దగ్గర తొమ్మిదేళ్ళ పిల్లవాడు దర్జాగా ఉచితంగా పందెం ఆడాడు. ఇదేమీ దానధర్మం కాదు లెండి. పిల్లవాడొస్తే తండ్రి వస్తాడు, తండ్రి వస్తే బిల్లు వస్తుంది. ఆ చలికాలంలో నేను తాగిన కాఫీల లెక్క మా ఆవిడకి చెప్పలేదు.

నాకు నచ్చింది ఆ ఏర్పాటు వెనక ఉన్న ఆలోచన. డీఎస్‌ని బ్రౌజర్ లేకుండా అమ్మారు. లాగిన్ పేజీ చూపిస్తే అది చదవలేదు, పేరూ నంబరూ నింపలేదు. అందుకని డీఎస్ వస్తే ఏ ఫారమూ అడక్కుండా లోపలికి వదిలేవారు. లోపలికి వచ్చేవాడి ఎత్తుని చూసి గుమ్మం పెట్టారన్నమాట.

దాని వేగం కూడా ఎక్కువేం కాదు, సెకనుకి 2 మెగాబిట్లు దాటదు. ఆటకి అంతకన్నా అక్కర్లేదు. కార్ల బొమ్మలు, రోడ్ల బొమ్మలు అన్నీ చేతిలోని కార్ట్రిడ్జ్‌లోనే ఉంటాయి. గాలిలో వెళ్ళేది "నా కారు ఎక్కడుంది, ఏ వైపు తిరిగింది" అనే నాలుగు అంకెలు. ఆ అంకెలు ఆలస్యం లేకుండా చేరితే చాలు. మన గల్లీల లెక్కలో చెప్పాలంటే, ఆటకి లారీ వద్దు, సందులోంచి దూసుకుపోయే సైకిల్ కావాలి. ఇప్పటి ఫోన్ ఆటలూ ఇంతే. గంట ఆటకి పదుల ఎంబీలు ఖర్చయితే గంట వీడియోకి వందల ఎంబీలు పోతాయి. బడి వైఫైని ఆటలు మింగేస్తాయని అనేవాళ్ళు ఇది కొంచెం చూడాలి. మింగేవి వీడియోలు, ఆటల అప్‌డేట్లు. వాటికి రౌటర్‌లోనే కళ్ళెం వేయవచ్చు.

మన దగ్గరికి వస్తాను. మన చిన్నప్పుడు ఆట కిరాయికి దొరికేది. సైకిల్ గంట లెక్కన, వీడియో గేమ్ రూపాయి బిళ్ళ లెక్కన. ఇరానీ హోటల్లో మాత్రం ఒక్క చాయ్ మీద ఎంతసేపైనా కూర్చోవచ్చు. ఉర్దూ పేపరు, తెలుగు పేపరు, ఇంగ్లీషు పేపరు ఏ పేజీకి ఆ పేజీ విడిపోయి టేబుల్ నుంచి టేబుల్‌కి తిరిగేవి. స్పోర్ట్స్ పేజీ కోసం ఎదురుచూస్తూ ఇంకో పౌనా చెప్పినవాళ్ళు ఈ హాల్లో కనీసం పదిమంది ఉంటారు. పాలరాయి టేబుల్, ఒక కప్పు, అందరూ పంచుకునే సమాచారం. ఇంకేం కావాలి? నేను వృత్తిలోకి వచ్చాక హాట్‌స్పాట్ అనే మాట విన్న ప్రతిసారీ నాకు ముందు ఆ టేబులే గుర్తొచ్చేది.

పాతబస్తీలో నింటెండో డీఎస్ కనిపించింది తక్కువ. నోకియా ఫోన్‌లో పాము ఆట, తర్వాత జగదీశ్ మార్కెట్‌లో మెమరీ కార్డులో వేయించుకొచ్చిన ఆటలు, ఇవే మనవాళ్ళ చేతి ఆటలు. ఆ తర్వాత ఉచిత వైఫై వచ్చింది గానీ, దాని గుమ్మం వేరే ఎత్తులో పెట్టారు.

దానికి కారణం ఉంది. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్ళకి ముందు వచ్చిన ఈమెయిల్, నవీ ముంబైలో తాళం లేని ఒక ఇంటి వైఫై వాడుకొని పంపారని తేలింది. 2009లో టెలికాం శాఖ నిబంధన పెట్టింది. పబ్లిక్ వైఫై వాడేవాళ్ళు గుర్తింపు కార్డు చూపాలి, లేదా మొబైల్‌కి వచ్చే పాస్‌వర్డ్‌తో లోపలికి రావాలి. 2007 మేలో మక్కా మసీదు, ఆగస్టులో లుంబినీ పార్కు, గోకుల్ చాట్. అవన్నీ చూసిన మనకి ఆ నిబంధన ఎందుకని ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆ రోజు నుంచి మన దేశంలో ఉచిత వైఫై అంటే ఫోన్ నంబరు ఉన్నవాళ్ళకి ఉచితం అని అర్థం మారిపోయింది.

చార్మినార్ దగ్గర బీఎస్ఎన్ఎల్ వైఫై వచ్చింది. 2016 ఏప్రిల్‌లో గూగుల్, రైల్‌టెల్ కలిసి కొత్తగా వైఫై పెట్టిన స్టేషన్లలో మన కాచిగూడ ఒకటి. ఆ ఏడాది మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. చేతిలో వాళ్ళ నాన్న వదిలేసిన పాత ఫోన్, అందులో సిమ్ లేదు. ఉప్పుగూడలో ఎంఎంటీఎస్ ఎక్కి కాచిగూడలో దిగేవాడు. ఓటీపీ ఎట్లారా అంటే, "బెంచీ మీద కూర్చున్న ఎవరో ఒక అంకుల్‌ని అడుగుతా మామా, ఆయన నంబరు కొడతా" అన్నాడు. నేను అవాక్కయ్యాను. రికార్డులో ఉన్నది ఎవరో గుంటూరు వెళ్ళే పెద్దమనిషి, లోపల ఆడుతున్నది మావాడు. నిబంధన కాగితం మీద నూటికి నూరు పాళ్ళూ నెరవేరింది!

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చాక స్టేషన్లకి పోయే అవసరం చాలామందికి తీరింది. ఒకడి ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేస్తే చుట్టూ నలుగురు. 2018 నుంచి పబ్‌జీ. చాయ్ దుకాణం అరుగు, మూసిన షట్టర్ ముందు మెట్లు, ఇంటి ముందు చబుత్రా, ఎక్కడ చూసినా నాలుగు తలలు ఒకచోట వంగి కనిపించేవి. పోలీసులు ఆపరేషన్ చబుత్రా అని అర్ధరాత్రి అరుగుల మీదున్న కుర్రాళ్ళని పట్టుకెళ్ళి, తల్లిదండ్రుల్ని పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చారు. ఆ తల్లిదండ్రుల్లో మన బడి వాళ్ళూ ఉన్నారు. అర్ధరాత్రి రోడ్డు మీద పిల్లలుండటం మంచిదని నేను అనను. కానీ సాయంత్రం ఐదింటికి వాళ్ళు వెళ్ళి కూర్చోవడానికి మన పేటలో ఏ చోటుంది? ఇళ్ళేమో ఒకటిన్నర గది. ఉన్న గ్రౌండులో ఫంక్షన్ హాలు లేచింది. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం పబ్‌జీని నిషేధించింది. ఆట పోయింది, పిల్లలు అదే చబుత్రా మీద ఇంకో ఆట పెట్టుకున్నారు.

దానికి ఒక్కరోజు ముందు, సెప్టెంబర్ 1న, మన రాష్ట్రంలో కరోనా వల్ల డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠం వచ్చేది. పాఠం అయ్యాక టీచర్ ఇచ్చే పని వాట్సాప్‌లో వచ్చేది. ఇంట్లో ముగ్గురు పిల్లలకి ఒకటే ఫోన్, అది పొద్దున్నే తండ్రితో పాటు ఆటో ఎక్కి వెళ్ళిపోయేది. హాట్‌స్పాట్ కూడా దాంతోనే పోయేది. అప్పుడు మన సంఘం ట్యాబులు కొని ఇచ్చింది, చాలా మంచి పని. ఆ ట్యాబుల్లో సిమ్ లేదు. ఊళ్ళో ఉన్న ఏ ఉచిత వైఫైలోకీ అవి సొంతంగా వెళ్ళలేవు. ఓటీపీ వచ్చే నంబరు ఉండాలి కదా. అవి ఇప్పుడు హెడ్‌మాస్టర్ గారి గదిలో బీరువాలో ఉన్నాయి. నిన్న చూసొచ్చాను, పద్నాలుగు బాగానే పనిచేస్తున్నాయి.

2020 డిసెంబర్‌లో కేంద్ర కేబినెట్ పీఎం-వాణి అనే పథకం ఆమోదించింది. చాయ్ దుకాణమైనా కిరాణా కొట్టైనా లైసెన్సు లేకుండా వైఫై ఇవ్వవచ్చు. మంచిదే, శాలిబండలో ఎవరైనా పెడితే సంతోషిస్తాను. అక్కడా లోపలికి వెళ్ళేది ఫోన్ ఉన్నవాళ్ళే.

అందుకే బడిలో పెట్టాలంటున్నాను. మనది ఊరందరికీ తెరిచిన హాట్‌స్పాట్ కాదు. ఈ పిల్లల పేర్లు మన అటెండెన్స్ రిజిస్టర్‌లో ఉన్నాయి, వాళ్ళ అమ్మానాన్నలు మనకి తెలుసు. ఫోన్ నంబరుతో పనేముంది? రోల్ నంబరు వేసి ఒక చీటీ ఇద్దాం, అందులో ఆ రోజుకి పాస్‌వర్డ్. ఎవరు ఎప్పుడు వచ్చారో రౌటర్ రాసుకుంటుంది. కాచిగూడ బెంచీ మీది అంకుల్ నంబరు కంటే ఇది నిజమైన గుర్తింపు.

ఇక గేముల మాట. కొందరు మిత్రులు అన్నట్టు ఆటలన్నీ బ్లాక్ చేయడం నాకు పది నిమిషాల పని. చేయొద్దనే అడుగుతున్నాను. డబ్బు పెట్టి ఆడే ఆటలు రాష్ట్రంలో 2017లోనే నిషేధించారు, అవి మన గదిలోకి రావు. పెద్దవాళ్ళ వీడియోలు రావు. మిగతా ఆటలకి రోజుకి అరగంట ఇద్దాం. ఆ అరగంట లేకపోతే పిల్లవాడు మన గదికి రాడు, చబుత్రాకి పోతాడు.

లైబ్రరీ సారు ఆ మూలన క్యారమ్ బోర్డు ఎందుకు పెట్టించారో మా బ్యాచ్ వాళ్ళకి గుర్తుందా? అప్పటి పెద్దలు కొందరు దానికీ అభ్యంతరం చెప్పారు. సారు ఎవరితోనూ వాదించలేదు. బోర్డు ఒకటే, ఆడేది నలుగురు, వంతు కోసం కూర్చునేది పదిహేను మంది. ఊరికే కూర్చోలేక చేతికందిన చందమామ తిరగేసేవాళ్ళం. నేను రేడియో ఎట్లా పనిచేస్తుందో మొదటిసారి చదివింది ఆ వంతు కోసం కూర్చున్నప్పుడే. రెడ్ కాయిన్ మాత్రం నాకు ఎప్పుడూ పడలేదు.

ఖర్చు సంగతి: ఫైబర్ కనెక్షన్ నెలకి వెయ్యి లోపు వస్తుంది. రౌటర్, గోడ మీద యాక్సెస్ పాయింటు నేను ఇస్తాను, అమర్చేదీ నేనే. అప్‌డేట్లు రాత్రి పూట దిగేట్టు పెడతాను. కరెంటు పోతే రెండు గంటలు నడిచే బ్యాటరీ ఒకటి కావాలి, అది 1992 బ్యాచ్ వాళ్ళు తీసుకుంటామన్నారు. ఇంక తేలాల్సింది సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు దాకా గదిలో కూర్చునే పెద్దమనిషి ఎవరన్నది. రిటైరైన మన సార్లు, టీచర్లు వారానికి ఒక్కరోజు వస్తామంటే వాళ్ళకి చాయ్ నేను పంపిస్తాను. పేర్లు రాసుకునే కాగితం బయట సెక్రటరీ అన్న దగ్గర ఉంది. సోమవారం, గురువారం ఇంకా ఖాళీగా ఉన్నాయి.