ఒకే పాటల పుస్తకం

(మన సంఘం ఐక్య క్రిస్మస్ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాకు ఉపన్యాసాలు అలవాటు లేదు. ముప్పైనాలుగేళ్ళు ఫైళ్ళకు నోట్లు రాసినవాణ్ణి గనుక క్లుప్తంగానే మనవి చేస్తాను.

1964లో మన రాజమండ్రి లూథర్‌గిరిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల మొదలైంది. అంతకు ముందు లూథరన్లకు రాజమండ్రిలో, బాప్టిస్టులకు కాకినాడలోనూ రామాయపట్నంలోనూ, దక్షిణ ఇండియా సంఘం వారికి దోర్నకల్లులోనూ వేర్వేరు సెమినరీలు ఉండేవి. అవి చేతులు కలిపాయి. 1970ల మొదట్లో కళాశాల హైదరాబాదుకు తరలిపోయింది. ఆ నడుమ కాలంలో నేను కుర్రవాణ్ణి. మాది లూథరన్ కుటుంబం. సాయంకాలం ప్రార్థనకు వెళ్ళి వెనక బెంచీలో కూర్చునేవాణ్ణి.

అక్కడ చేరినవారి మధ్య తేడాలు చిన్నవి కావు. మేము పసిపిల్లలకే బాప్తిస్మం ఇస్తాం. బాప్టిస్టులు ఊహ తెలిసి విశ్వాసం ఒప్పుకున్నవారికే, నీళ్ళలో ముంచి ఇస్తారు. అయినా కీర్తన ఎత్తుకుంటే అందరి గొంతూ ఒకటే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం అందరి చేతుల్లోనూ ఉండేది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవులైన పురుషోత్తమ చౌదరిగారి (1803-1890) పాటలు అన్ని శాఖలవారూ పాడేవారు. ఒకసారి సంగీతం నేర్చిన నా హిందూ మిత్రుణ్ణి వెంట తీసుకువెళ్ళాను. పాట పైన అచ్చువేసిన రాగం, తాళం చూసి, "ఇవి మా ఇంట్లో పాడుకునే రాగాలే గదరా!" అని తానూ చేతితో తాళం వేశాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 1998లో మా అమ్మాయికి బాప్టిస్టుల సంబంధం కుదిరింది. నిశ్చయమయ్యాక, అమ్మాయి మళ్ళీ బాప్తిస్మం తీసుకోవాలన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ నా కూతురు క్రైస్తవురాలు కాదా? సంబంధం వద్దనుకుందామన్నాను. అప్పుడు నా భార్య, "లూథర్‌గిరి కబుర్లు రోజూ చెబుతారు గదా! వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడి రండి" అంది.

వెళ్ళాను. బావగారు నా మాట పూర్తిగా విన్నారు. నేనూ ఆయన మాట విన్నాను. ఇద్దరం ఒప్పుకున్నది ఒక్కటే: నిర్ణయం అమ్మాయిది. రెండోసారి తీసుకోనని అమ్మాయి చెప్పింది. వారు బలవంతపెట్టలేదు. పెళ్ళి ఇద్దరు పాస్టర్లు కలిసి జరిపించారు.

అంతా చక్కబడిందని చెప్పను. ఆ సంఘంలో అమ్మాయికి ఇప్పటికీ సభ్యత్వం లేదు. ఆ బాధ నాకు ఉంది. కాని ప్రతి ఆదివారం అత్తగారి పక్కన కూర్చుని అవే కీర్తనలు పాడుతుంది. పుస్తకం ఒకటే, పంచుకుంటారు.

మన సంఘంలోనూ సభ ఎవరి ప్రార్థనతో మొదలుపెట్టాలని అప్పుడప్పుడు మాట వస్తుంది. ఏటా లైఫ్ సర్టిఫికెట్టుకు అందరం ఒకే వరసలో నిలబడుతున్నాం. ప్రార్థన వంతులవారీగా పెట్టుకుందాం. ఒకరి వంతులో మిగతావారం మనసుపెట్టి విందాం.