ఇంకా ఎగరని టెలిస్కోపు కోసం



నేను ఖగోళ శాస్త్రవేత్తను కాను. మీలో చాలామందిలాగే సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. ప్రాజెక్టు ఆలస్యమైతే మొదట కోత పడేది టెస్టింగుకే అని మనందరికీ అనుభవమే. అంతరిక్ష టెలిస్కోపుల విషయంలోనూ ఆ ప్రమాదం ఉంది.

జేమ్స్ వెబ్ టెలిస్కోపు 2021 డిసెంబరు 25న ఎగిరింది. దానికి కావలసిన కొత్త టెక్నాలజీలు పనిచేస్తాయని నాసా సమీక్షలో తేలింది మాత్రం 2007లోనే. వాటిలో మైక్రోషట్టర్లు ఒకటి. అవి సుమారు రెండున్నర లక్షల బుల్లి కిటికీలు. కావలసినవి మాత్రమే తెరిచి, ఒకేసారి ఎన్నో గెలాక్సీల వెలుగును విడివిడిగా పరీక్షించవచ్చు. ఇలాంటివి బజార్లో దొరకవు. ఏళ్ళ తరబడి చేసి, పాడుచేసి, మళ్ళీ చేయాలి.

రాబోయే పని ఇంకా కష్టం. సూర్యుడివంటి నక్షత్రం పక్కన భూమివంటి గ్రహాన్ని చూడాలంటే, దానికంటే దాదాపు వెయ్యి కోట్ల రెట్లు ఎక్కువైన నక్షత్రకాంతిని అడ్డుకోవాలి. ఆ పరికరాల మీద పని ఇప్పుడే జరగాలి.

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనకండి. వాతావరణం ఎక్స్-కిరణాలను కిందికి రానివ్వదు. అందుకే టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ హైదరాబాదు నుంచి దశాబ్దాలుగా పెద్ద బెలూన్లకు పరికరాలు కట్టి పైకి పంపుతోంది. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కావడంవల్ల అక్కడ కాస్మిక్ కిరణాల గోల తక్కువ. ఆ బెలూన్ల మీద చేయి తిరిగిన సంస్థే ఆస్ట్రోశాట్‌కి పెద్ద ఎక్స్-రే డిటెక్టర్లు చేసింది. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోటలో రాకెట్టు లేచినప్పుడు చప్పట్లు కొట్టాం. బెలూన్లు లేచినప్పుడు మనలో ఎవరం చూశాం?

2025లో అమెరికా ప్రభుత్వం, 2026 బడ్జెట్టులో నాసా సైన్సు నిధులను దాదాపు సగానికి తగ్గించాలని ప్రతిపాదించింది. అలాంటప్పుడు ఎగురుతున్న టెలిస్కోపు కోసం అడిగేవాళ్ళుంటారు. ఇంకా పుట్టని టెలిస్కోపుకి ఓట్లూ లేవు, ఫోటోలూ లేవు.

అందుకే నా మనవి రెండు మాటలు. ఇక్కడ ఓటున్నవాళ్ళు మీ ప్రతినిధికి ఉత్తరం రాసేటప్పుడు టెక్నాలజీ అభివృద్ధి నిధుల పేరెత్తి అడగండి. ఊళ్ళో కాలేజీకి విరాళమిచ్చేవాళ్ళు, శిలాఫలకం వేసే భవనం బదులు, పిల్లలు సెన్సర్లు చేసి పాడుచేసుకునే లాబ్ ఒకటి కట్టించండి. పాడుచేయనివ్వకపోతే ఎవరూ నేర్చుకోలేరు.