దారి ఎవరిది?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును కదా, సిమెంటు గురించో వంతెనల గురించో మాట్లాడతాననుకుని ఉంటారు. ఇవాళ నీళ్ల గురించి మాట్లాడతాను. శామీర్‌పేట చెరువు కట్ట మీద కూర్చుని అలలు లెక్కపెట్టిన బ్యాచ్ మాది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మిత్రుడి పుణ్యమా అని హుస్సేన్ సాగర్‌లో విండ్‌సర్ఫింగ్ నేర్చుకున్నాను. పొడవాటి పలక, దాని మీద ఎటంటే అటు వాలే తెరచాప. చుక్కాని ఉండదు, బ్రేకు అసలే ఉండదు. తెరచాపను వెనక్కి వాలిస్తే పలక గాలికెదురు తిరుగుతుంది, ముందుకు వాలిస్తే గాలివాటుకు తిరుగుతుంది. ఆగాలంటే వెనక చేతి పట్టు వదిలి గాలిని జారనివ్వాలి.

మొదటిరోజే దారి నియమాలు చెప్పారు. ఇద్దరి దారులూ కలిసేచోట, గాలి కుడివైపు నుంచి తగిలేవాడిది దారి, ఎడమవైపు నుంచి తగిలేవాడు తప్పుకోవాలి. కొత్తవాళ్లకు సులువైన గుర్తు ఒకటుంది: కుడిచేయి ముందుంటే దారి నీది. ఇద్దరికీ గాలి ఒకే వైపు నుంచి తగులుతుంటే, గాలి వచ్చే దిక్కున ఉన్నవాడు అవతలివాడికి దారివ్వాలి. వెనక నుంచి దాటేవాడు ముందువాడికి దూరంగా జరిగి పోవాలి. నాకు మొదటిది బాగా నచ్చింది. నచ్చడమే కొంప ముంచింది.

ఒక ఆగస్టు సాయంత్రం, నైరుతి గాలి జోరుగా ఉంది. నా కుడిచేయి ముందుంది. ఎదురుగా ఒక కుర్రాడు ఎడమచేయి ముందుపెట్టి వస్తున్నాడు. "స్టార్‌బోర్డ్!" అని అరిచాను. దారి నాదని అర్థం. వాడికి వినబడలేదో, అర్థం కాలేదో, వాడి తెరచాప నన్ను కనబడనివ్వలేదో! దారి నాదేగా అని నేను చేయి సడలించలేదు. నా పలక మొన వాడి భుజానికి తగిలింది. ఆరు కుట్లు పడ్డాయి.

ఒడ్డున మా కోచ్ నన్ను అడిగింది ఒకటే ప్రశ్న. "వాడు తప్పుకోవట్లేదని నీకు ఎప్పుడు తెలిసింది?" అబద్ధం చెప్పలేకపోయాను. చాలా ముందే తెలిసింది సార్, అన్నాను. "మరి ఏం చేశావు?"

అప్పుడు గానీ నియమం మొత్తం చదవలేదు. 1972 అంతర్జాతీయ నౌకా నిబంధనల్లో దారి హక్కున్న ఓడ తన దిశ, వేగం మార్చకుండా సాగాలని ఉంది. ఎందుకంటే తప్పుకునేవాడికి అంచనా దొరకాలి. కానీ అవతలివాడు తప్పుకోవట్లేదని తేలితే ఇతనే తప్పించుకోవచ్చు. అవతలివాడొక్కడి వల్లే ప్రమాదం తప్పదనేంత దగ్గరైతే, తప్పించి తీరాలి. తెరచాప పందేల్లోనూ అంతే, దారి నీదైనా వీలున్నంతవరకు తగలకూడదు. సగం చదివి పరీక్షకు పోవడం నాకు ఈ బడిలోనే అలవాటైందని మా లెక్కల సారుకు తెలుసు, నవ్వుతున్నారు చూడండి.

ఇప్పుడు మేడ్చల్ రోడ్డు మీద కారు నడుపుతుంటే ఆ కుర్రాడే గుర్తొస్తాడు. సిగ్నల్ లేని కూడలిలో పెద్ద రోడ్డు మీద వచ్చేవాళ్లకు దారివ్వాలి, రెండూ ఒకే స్థాయి రోడ్లయితే కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి. మన రోడ్ల నియమమే ఇది. మనలో ఎందరికి తెలుసు? తెలిసినవాళ్లం హారన్ కొట్టి హక్కు చాటుతాం, నేను ఆ రోజు అరిచినట్టే. రాంగ్ రూట్లో వచ్చే ట్రాక్టరుకు నిబంధనలు చెప్పేంత సమయం ఉండదు. బ్రేకు మీద కాలు పెట్టే సమయం మాత్రం ఉంటుంది.

సభ అయిపోగానే బండ్లన్నీ ఒకేసారి గేటు దగ్గరికి చేరతాయి. దారి ఎవరిదో నాకు తెలుసు. అయినా మా లెక్కల సారు స్కూటర్ వెళ్లిపోయాకే నా కారు కదులుతుంది.