తొడ కండలో కొవ్వు



మేక తొడ కోసేటప్పుడు మీరు చూసే ఉంటారు. ఎర్రటి కండ మధ్య తెల్లటి చారలు ఉంటాయి. అది కొవ్వు. మన తొడల్లోనూ అంతే. వయసు మళ్ళేకొద్దీ కండ తగ్గుతుంది. దాని మధ్య కొవ్వు పెరుగుతుంది. పైకి కాలు బాగానే కనిపిస్తుంది. లోపల సత్తువ ఉండదు. పీట మీంచి లేవడం కష్టమవుతుంది. తూలి పడితే తుంటి ఎముక విరగవచ్చు.

మరి ఇదంతా వయసు తప్పేనా? అమెరికాలో 70 నుంచి 89 ఏళ్ళ వాళ్ళను ఏడాది పాటు పరీక్షించారు. 2008లో ఆ సంగతులు అచ్చయ్యాయి. కొందరు క్రమం తప్పక నడిచారు, కాళ్ళకు కసరత్తు చేశారు. మిగతావాళ్ళు ఆరోగ్య పాఠాలు విన్నారు. మీరిప్పుడు వింటున్నారే, అలాగన్నమాట! విన్నవాళ్ళ తొడ కండల మధ్య కొవ్వు నూటికి 18 పాళ్ళు పెరిగింది. బలమూ తగ్గింది. నడిచినవాళ్ళకు కొవ్వు దాదాపు పెరగలేదు. బలం నిలిచింది.

"నీకెందుకమ్మా పని, కూర్చో" అంటారు పిల్లలు. ప్రేమతోనే అంటారు. కాని ఆ ప్రేమ కాళ్ళకు చేటు. అమ్మను చెరువు గట్టు దాకా నడవనివ్వండి. గోడ పట్టుకుని పదిసార్లు లేచి కూర్చోమనండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందుగా డాక్టరును అడగాలి.